ఖాళీ రొప్పంలో వెలుతురు

ఆ ఏడు ఆషాఢ గాలి శ్రావణం దాటినా ఆగలేదు. ముదిగుబ్బ రోడ్డు పక్క అంగళ్ల మీది రేకులు పగలంతా సన్నగా మోగుతూనే ఉండేవి. విత్తనం వేసినవాళ్లు ఎండిపోయే మొలకలను చూస్తూ, వేయనివాళ్లు మబ్బుల కోసం చూస్తూ కూర్చున్నారు.

గంగాధర్ షాపు కదిరి పోయే రోడ్డులో చివరన ఉండేది. కార్లకు, జీపులకు, ట్రాక్టర్లకు కరెంటు పని చేసేవాడు. బ్యాటరీ, సెల్ఫు, డైనమో, లైట్లు, ఏది చెడినా అతని దగ్గరికే రావాలి. నలభై దాటిన మనిషి. మధ్యాహ్నం పని లేనప్పుడు షాపు ముందు కానుగ చెట్టు కింద మంచం వేసుకుని కునుకు తీసేవాడు. కళ్లు మూసుకుంటే వైర్లు కనిపించేవి. ఎర్రవి, నల్లవి, పసుపువి. ఏదో ఒకదాని వెంట నడుచుకుంటూ పోతే ఒక్కోసారి నిద్రలోనే లోపం దొరికేది. లేచి ఆ మాట చెబితే భార్య ఈశ్వరి నవ్వేది.

"కలలో గూడా పనేనా? నాకైతే కలలో యాడాడి నీళ్లో కనపడతాండాయి," అనేది.

ఒకరోజు ఆ చెట్టు కిందికే బసప్ప కారును తోసుకుంటూ తెచ్చారు. లేత నీలం రంగు ఫియట్. పాతదే అయినా తుడిచి తుడిచి మెరిపించిన కారు. బసప్పది గుట్టకిందపల్లె. తరాలుగా గొర్రెలు మేపిన ఇల్లు. పోయిన ఎండాకాలం మేత, నీళ్లు లేక సగం మంద అమ్మేశాడు. మిగిలిన సగాన్ని గురప్ప అనే బంధువు కాలువ నీళ్లున్న వైపు తోలుకుపోయాడు. గొర్రెలు అమ్మిన దుడ్లతో బసప్ప ఈ కారు కొన్నాడు. చిన్నప్పుడు జీపు నడిపిన అలవాటు ఉంది కాబట్టి, ఆసుపత్రికి పోయేవాళ్లను, పెండ్లిండ్లకు పోయేవాళ్లను బాడుగకు తిప్పుతున్నాడు.

"ఏమప్పా బసప్పా, ఏమయింది?"

"తెల్లారి లేచి చూస్తే సచ్చినట్ల పడుండాదన్నా. నిన్న పొద్దు మునిగేదాకా బాగానే తిరిగింది."

గంగాధర్ తాళంచెవి తిప్పాడు. బానెట్ కింద టక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఇంజను తిరగాలంటే సెల్ఫు మోటారుకు బలం కావాలి, ఆ బలం బ్యాటరీలో లేదు. బ్యాటరీ కొసల మీద తెల్లటి పూత పేరుకుని ఉంది. వేడినీళ్లు పోసి కడిగి, గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు పూశాడు. గాజు గొట్టంతో లోపలి ఆమ్లాన్ని పీల్చి చూస్తే అందులోని తేలుడు బిళ్ల అడుగుకు దిగిపోయింది. ఒక రాత్రి చార్జింగుకు పెట్టాడు. మరునాడు తాళం తిప్పగానే కారు మేల్కొంది. ఇంజను తిరుగుతుండగా మీటరు పెట్టి చూశాడు. డైనమో ఇవ్వాల్సినంత ఇస్తోంది. డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం బుద్ధిగా ఆరిపోయింది.

"ఇంగ పో. ఆ పూత వల్లే అయ్యుంటాది."

వారం తిరగకముందే కారు మళ్లీ చెట్టు కిందికి వచ్చింది. ఈసారి గంగాధర్ ఫ్యాన్ బెల్టు బిగించాడు. డైనమో విప్పి అరిగిన కార్బన్ బొగ్గులు మార్చాడు. ఇంజను నుంచి బాడీకి పోయే ఎర్తు వైరు విప్పి, తుప్పు గీకి మళ్లీ బిగించాడు. అదీ చాలదని బ్యాటరీ తన దగ్గరే ఉంచుకుని షాపులోని మంచి బ్యాటరీ ఒకటి పెట్టి పంపించాడు. ఆ మంచి బ్యాటరీ కూడా అట్లాగే దిగిపోయి వచ్చింది.

"గంగాధరన్నా, ఊర్లో నవ్వుతాండారు," అన్నాడు బసప్ప. "బసప్ప కారుకు పగలు పెట్రోలు, తెల్లారితే మనుషులు కావాల అంటాండారు."

గంగాధర్‌కు నవ్వు రాలేదు. బ్యాటరీలో దోషం లేదు. డైనమోలో లేదు. మరి ఎక్కడో ఏదో వైరు ఎవరికీ తెలియకుండా కరెంటు తాగుతూ ఉండాలి. కారు మొత్తం ఆపేసి, బ్యాటరీ నుంచి ఒక వైరు ఊడదీసి, ఆ ఊడిన సందులో చిన్న బల్బు పెట్టాడు. ఎక్కడ కారుతున్నా ఆ బల్బు మిణుకుమనాలి. అది వెలగలేదు. చేతులు అడ్డం పెట్టి నీడ చేసి చూశాడు. కొంచెం కూడా ఎర్రబడలేదు. కారు పసిబిడ్డలా నిద్రపోతోంది.

ఆ మధ్యాహ్నం కునుకులో కూడా అతనికి ఆ వెలగని బల్బే కనిపించింది. దాని వెంట నడుద్దామంటే వైరే లేదు. లేచి కూర్చుని బసప్పను అడిగాడు.

"రాత్రి కారు యాడ నిలుపుతావు?"

"మా గొర్రెల రొప్పంలోనే. మంద ల్యా కదా, ఖాళీగా ఉండాది. సుట్టూ కంప ఉండాది, ఎవురూ రారు."

"నిలిపినాక?"

"నిలిపినాక ఏముండాదన్నా? కాళ్లు కడుక్కుని రామన్న ఇంటికాడ టీవీ సూసి, అన్నం యాళకు వస్తా."

గంగాధర్ ఈసారి తన మంచి బ్యాటరీనే నిండుగా చార్జి చేసి పెట్టి పంపించాడు. పంపించిన సాయంత్రమే షాపు రేకు తలుపు దించి, మోపెడ్ ఎక్కి గుట్టకిందపల్లె దారి పట్టాడు.

గాలి ఎదురుగా కొడుతోంది. ఎర్రదుమ్ము పొరలు పొరలుగా నేల మీద పాకుతూ దారి దాటుతోంది. సూర్యుడు రాగి పళ్లెంలా ఉన్నాడు, నేరుగా చూసినా కళ్లు జిగేలుమనడం లేదు. మోపెడ్ నిలబడే ఉన్నట్టు, నేలే దాని కింద పారుతున్నట్టు అనిపించింది గంగాధర్‌కు. రాళ్లు, తుమ్మ కంపలు, ఎండిన వంక, మళ్లీ రాళ్లు. ఎవరో కన్న కలలో తను తప్పిపోయి తిరుగుతున్నట్టుంది. ఊరు వచ్చేసరికి వెలుగు సన్నగిల్లింది.

రొప్పం ఊరి చివర గుట్ట వైపు ఉంది. మోపెడ్ దూరంగానే ఆపి నడిచాడు. కంప గోడ సందుల్లోంచి తెల్లటి వెలుతురు కనిపించింది.

కారు హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. ఇంజను ఆగి ఉంది. గొర్రెలు తొక్కి తొక్కి నున్నగా అయిన ఖాళీ నేల మీద, ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ వెలుతురు పరుచుకుని ఉంది. అందులో దుమ్ము లేస్తూ, ఒరుసుకుంటూ, ఒక చోట గుంపు కట్టి మళ్లీ విడిపోతోంది. స్టీరింగ్ ముందు ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. భుజాన కంబళి, మోకాళ్ల మీద అడ్డంగా కట్టె. గొంతులోంచి చిన్నగా "ట్రూ... ట్రూ..." అంటున్నాడు, గొర్రెలను ఇంటికి పిలిచే పిలుపు.

ఆయన బసప్ప నాయన నల్లప్ప. గంగాధర్ ఎప్పుడో సంతలో చూసిన మనిషే. అప్పుడు పొట్టేలును ఒంటిచేత్తో ఎత్తి బండిలో వేసేవాడు. ఇప్పుడు మోకాళ్లు వంగవు.

గంగాధర్ అవతలి తలుపు తీసి పక్కన కూర్చున్నాడు. నల్లప్ప ఉలిక్కిపడలేదు.

"ఎవురప్పా?"

"నేను గంగాధర్ పెద్దాయనా. మీ కారుకు కరెంటు పని చేసేటోన్ని."

"కూసో."

ఇద్దరూ ముందుకే చూస్తూ కూర్చున్నారు. అద్దం మీద దుమ్ము సన్నగా రాలుతోంది.

"దినామూ కూసుంటావా పెద్దాయనా ఈడ?"

"పొద్దు మునిగే యాళకు మంద ఇంటికి రావాల కదప్పా. నాకు బుద్ధి తెల్సినప్పట్నుంచీ ఆ యాళకు రొప్పం వాకిట్లో నిలబడినోన్ని. ఇప్పుడు ఇంట్లో కూసోమంటే కూసోల్యాకున్యా. గోడలు మింద పడినట్లుంటాది." ఆయన కట్టెతో ముందుకు చూపించాడు. "ఆ దుమ్ము సూడు. గాలి తోలితే అచ్చం మంద లేచినట్ల ఉండాది. అద్దో, ఆ మూల ఒకటి ఎనకబడింది."

గంగాధర్ చూశాడు. నిజంగానే ఒక చిన్న దుమ్ము ముద్ద వెనకబడి, తిరిగి గుంపులో కలిసింది.

"నాకు మతి పోయిందనుకోవద్దు," అన్నాడు నల్లప్ప. "అవి దుమ్మని నాకు తెల్సు. గొర్రెలు ల్యావని గూడా తెల్సు. అయినా సూస్తాంటే మనసు కుదుటపడతాది."

వెలుతురు మెల్లగా రంగు మారుతోంది. తెల్లగా ఉన్నది పసుపైంది. పసుపు ముదిరింది. పక్కన కూర్చున్న గంగాధర్‌కు, నిండుగా చార్జి చేసి పెట్టిన ఆ బ్యాటరీ ప్రాణం బొట్టుబొట్టుగా నేల మీదికి దిగడం కంటి ముందే కనిపించింది. ఇన్నాళ్లూ వైరు వైరూ పట్టుకుని వెతికినది ఇదే. దొరికినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. అట్లాగే చూస్తూ కూర్చున్నాడు. దుమ్ము కూడా నెమ్మదించినట్టు అనిపించింది. లైట్లు ఎర్రబడి, రొప్పం అవతలి కొస చీకట్లో కలిసిపోయింది.

"సాలు. పండుకున్యాయి," అన్నాడు నల్లప్ప. చెయ్యి చాచి స్విచ్చి ఆర్పేశాడు. "దినామూ ఇట్లే. లైటు ఎర్రబడేసరికి అవి పండుకుంటాయి. నేను లేచి ఇంటికి పోయి ఇంత సంగటి తింటా."

ఆయనను చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకు వచ్చాడు గంగాధర్. వాకిట్లో బసప్ప భార్య హనుమంతమ్మ ఎదురైంది. ముసలాయన లోపలికి పోయాక గంగాధర్ ఆమెను పక్కకు పిలిచి విషయం చెప్పాడు. ఆమె చేతిలోని చెంబు అక్కడే కట్ట మీద పెట్టేసింది.

"ఆ లైట్ల వల్లనా అన్నా? నాకేం తెల్సు! బండి లైటే కదా, కరెంటోళ్లది కాదు కదా, ఏమయితాదిలే అనుకున్యా. పొద్దున్నే బండి తోస్తాండేది సూస్తానే ఉండా గానీ, దీనికీ దానికీ ముడి ఉండాదని తోచల్యా."

"మీ ఆయనకు తెల్సా?"

"తెలీదు. మంద పోయినాక మా మామ అన్నం ముట్టల్యా. ఎవురితోనూ మాట్లాడల్యా. ఒకదినం ఆ కారులో కూసోని లైట్లు వేసినాడు. ఆ పొద్దు వచ్చి కడుపునిండా తిన్యాడు. ఇంగ నేనేంటికి అడ్డం పడతా?" ఆమె గొంతు తగ్గించింది. "మా ఆయనకు చెప్పొద్దన్నా. కోపిష్టి మనిషి. ఆ ఒక్క సంతోషం గూడా పీకేస్తాడు."

గంగాధర్ ఏ మాటా ఇవ్వకుండా మోపెడ్ ఎక్కాడు. ఇంటికి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. లోపం దొరికిందా అని ఈశ్వరి అడిగితే దొరికిందని మాత్రం అన్నాడు.

పొద్దున బసప్ప కారును ఊరివాళ్లతో తోయించి, ఇంజను ఆపకుండా నేరుగా షాపు ముందుకు తెచ్చాడు. గంగాధర్ అతన్ని మంచం మీద కూర్చోబెట్టి చూసినదంతా చెప్పాడు. దాచితే రోజూ ఆ కారును తోస్తూనే ఉండాలి, ఎప్పుడో ఒకనాడు పురిటి నొప్పులతో ఉన్న మనిషిని ఎక్కించుకోవాల్సిన వేళ అది కదలకుండా పోతుంది. అందుకే దాచలేదు.

బసప్ప ముఖం ఎర్రబడింది. "మా నాయనా? ఇన్నాళ్లూ నన్ను ఊరంతా నవ్వేటట్ల చేసింది మా నాయనా?"

"కారులో ఏ దోషమూ ల్యా."

"తాళంచెవి ల్యాకుండానే లైట్లు వెలగతాయా?"

"ఈ పాత బండ్లల్లో వెలగతాయి. తాళం తీస్తే ఆరిపోయేటట్ల వైరు మార్చచ్చు. చిటికెలో పని."

"మార్చు మరి. ఇప్పుడే మార్చు."

గంగాధర్ కత్తెర, వైరు తీసుకుని డ్యాష్‌బోర్డు కిందికి దూరాడు. స్విచ్చికి పోయే వైరు చేతికి దొరికింది. కోయడానికి పట్టుకున్నాడు. పడుకున్న చోటి నుంచి చూస్తే సీటు అంచున నల్లటి ఉన్ని పోగులు అంటుకుని ఉన్నాయి, కంబళివి. వైరు వదిలేసి, బయటికి జరిగి లేచి కూర్చున్నాడు.

"మారుస్తాలే బసప్పా. మార్చినాక సాయంత్రం ఆయప్ప యాడ కూసుంటాడు?"

కానుగ ఆకులు గాలికి కారు మీద రాలుతుంటే బసప్ప ఒక్కొక్కటీ తీసి పడేస్తూ నిలబడ్డాడు.

"మంద అమ్మేటప్పుడు ఆయన్ను అడగల్యాన్నా. తెల్లారుజామున తోలించేసినా. అడిగితే వద్దంటాడని భయం. లేచి సూసి, ఖాళీ రొప్పం ఊడ్చినాడు. ఒక్క మాట గూడా అనల్యా. తిట్టింటే బాగుండు." ఇంకో ఆకు తీసి పడేశాడు. "గురప్ప కాడ సగం మంద ఉండాది కదా. ఉరవకొండ అవతల కాలువ కింద మేపుతాండాడు. ఒకసారి తీస్కపోయి సూపిస్తే?"

"అంత దూరం నడిస్తే బ్యాటరీ గూడా నిండుతాది," అన్నాడు గంగాధర్. "నేనూ వస్తా. దారిలో డైనమో ఎట్ల పనిచేస్తాండాదో సూసినట్లుంటాది."

రేపు పొద్దున మంద దగ్గరికి పోతున్నామని బసప్ప నల్లప్పకు చెప్పాడు. ఆ సాయంత్రం ఆయన రొప్పం వైపు పోలేదని హనుమంతమ్మ చెప్పింది. కంబళి దులిపి మడత పెట్టుకుని, కట్టెకు నూనె రాసుకుని, పెందలాడే పడుకున్నాడు.

పొద్దున్నే బయలుదేరారు. బసప్ప నడుపుతున్నాడు. నల్లప్ప ముందు సీట్లో, గంగాధర్ వెనక. హనుమంతమ్మ జొన్నరొట్టెలు, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి గుడ్డలో కట్టి ఇచ్చింది. బత్తలపల్లె దాటి, అనంతపురం దాటి, కూడేరు వైపు మళ్లారు. ఎండ పెరిగేకొద్దీ రోడ్డు కొసన నీళ్లు నిలిచినట్టు కనిపించి, దగ్గరికి పోయేసరికి జరిగి మరింత దూరాన నిలిచేవి. కారు ఆ నీళ్లను తరుముకుంటూ పోతోంది. నల్లప్ప కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి గాలిని తాకుతూ కూర్చున్నాడు. దారి పక్క ప్రతి గుట్టనూ గుర్తుపడుతున్నాడు. "ఈడ ఒగసారి తోడేలు పడింది," అనేవాడు. ఇంకొంత దూరం పోయాక, "ఈ వంకలో నీళ్లు తియ్యగుంటాయి," అనేవాడు. వంకలో ఇసుక మాత్రమే ఉంది. ఆయన మాటల్లో మాత్రం నీళ్లు పారుతున్నాయి. వెనక గంగాధర్‌కు కళ్లు మూతలు పడుతున్నాయి, ఆ మాటలు కలలో వినిపిస్తున్నట్టున్నాయి.

కూడేరు దాటిన చాలాసేపటికి అతను ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

"బసప్పా, పక్కకు తీయి. ఇంజను మాత్రం ఆపొద్దు."

బానెట్ ఎత్తి చూశాడు. బెల్టు తిరుగుతోంది. వైర్లు బిగువుగానే ఉన్నాయి. మీటరు పెడితే డైనమో నుంచి ఏమీ రావడం లేదు. కరెంటును అదుపు చేసే చిన్న డబ్బా, దాన్నే కటౌట్ అంటారు, ముట్టుకుంటే చెయ్యి కాలింది. దాని పని అయిపోయింది. ఈసారి నిజమైన లోపమే.

"ఎనక్కి అనంతపురం పోదామా?" అన్నాడు బసప్ప.

గంగాధర్ నల్లప్ప వైపు చూశాడు. ముసలాయన ముందున్న రోడ్డునే చూస్తున్నాడు. చూపు తిప్పలేదు.

"ఇంత దూరం వచ్చినాం కదా, ముందుకే పోదాం. ఇప్పుడు డైనమో బ్యాటరీకి ఏమీ ఇయ్యదు. బ్యాటరీలో ఉండేదాన్నే తింటా పోవాల. అది నేను నిన్న దినమంతా చార్జి పెట్టి నింపిన బ్యాటరీ, పొద్దు మునిగేదాకా వస్తాది. ఇంజను ఆపొద్దు, లైటు వేయొద్దు, హారన్ కొట్టొద్దు."

ఆ తర్వాతి ప్రయాణం మెత్తగా సాగింది. ఎద్దుల బండి అడ్డం వస్తే అది తప్పుకునేదాకా వెనకే నెమ్మదిగా పోయారు. మాట్లాడితే కూడా బ్యాటరీ తగ్గిపోతుందేమో అన్నట్టు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఉరవకొండ దాటి, గురప్ప మంద ఎటుందో అడుగుతూ పోయేసరికి పొద్దు వాలింది, నేల రంగు మారింది. ఎర్ర నేల నల్లబడింది. దూరంగా పచ్చటి గీత ఒకటి కనిపించింది. ఎన్నాళ్లుగానో పచ్చదనం చూడని కళ్లకు అది నిజమో కాదో తెలియలేదు.

కాలువ వైపు మట్టిరోడ్డులోకి తిరిగారో లేదో, రోడ్డంతా గొర్రెలు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వీపులు, వీపుల మీద సాయంత్రపు ఎండ. బసప్ప చెయ్యి అలవాటుగా హారన్ మీదికి పోయింది. గంగాధర్ వెనక నుంచి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను దింపు," అన్నాడు నల్లప్ప.

ఆయన మెల్లగా దిగి, కట్టె ఊతంగా కారు ముందుకు పోయాడు. గొంతులోంచి లోతుగా ఒక పిలుపు తీశాడు. కట్టె ఎత్తలేదు, అదిలించలేదు. గొర్రెలు తలలు ఎత్తాయి. ముందున్నవి పక్కకు ఒరిగాయి, వాటిని చూసి వెనకవి ఒరిగాయి. మధ్యలో దారి తెరుచుకుంది. ఆయన ముందు నడుస్తుంటే, ఇంజను గుర్రుమంటూ నీలం కారు వెనకే నడిచింది. గొర్రెలు దాని తలుపులకు ఒళ్లు రుద్దుకుంటూ పోతున్నాయి. వంగని మోకాళ్లతో అంత దూరం ఆయన ఎట్లా నడిచాడో గంగాధర్‌కు అర్థం కాలేదు. బసప్ప స్టీరింగ్ పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. గంగాధర్ కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఆ మంద చివర ఒక ఆడమనిషి గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని నడుస్తోంది. పేరు ఆంజినమ్మ అని తర్వాత తెలిసింది.

"ఎవురి మంద నాయనా నీది? మా గొర్రెలు అట్ల ఎవురి మాటా ఇనవే!" అని ఆశ్చర్యపోయింది.

"గురప్ప కాడ ఉండాది తల్లీ నా మంద."

"గురప్ప మందనా? ఆ తూము దాటితే కాలువ గట్టు మింద ఉండాది, పో."

గురప్ప మంద నిజంగానే తూము అవతల మేస్తోంది. కారు గట్టు కింద ఆపి, బసప్ప తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా నీళ్ల చప్పుడు వినిపించింది. కాలువ నిండా కాకపోయినా నీళ్లు పారుతున్నాయి.

నల్లప్ప మంద అంచుకు పోయి నిలబడి పిలిచాడు. గొర్రెలు తల ఎత్తలేదు. మళ్లీ పిలిచాడు. ఒకటి రెండు చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టాయి. పరాయి మంద విన్న పిలుపును సొంత మంద వినలేదు. బసప్ప భయంగా ముందుకు ఒక అడుగు వేశాడు.

నల్లప్ప నవ్వాడు. అంత పెద్దగా ఆయన నవ్వడం బసప్ప విని చాలా కాలమైంది.

"మర్సిపోయినాయి నన్ను! మంచిదే. కడుపు నిండితే ఎవురికైనా మరుపు వస్తాది." మందలోకి దిగి ఒక్కొక్కదాని వీపూ నిమురుతూ పోయాడు. "సూడు గురప్పా, ఎముక తగలల్యా చేతికి. బాగా సూసుకున్యావు."

చీకటి పడుతుంటే గొర్రెలు గట్టు మీద ఒక్కొక్కటే మోకాళ్లు మడిచి పడుకున్నాయి. నల్లప్ప వాటి మధ్య కంబళి పరుచుకుని కూర్చున్నాడు. తెలియకుండానే అవి ఆయన చుట్టూ సర్దుకున్నాయి. ఎవరూ దీపం వెలిగించలేదు. ఆయన నిద్రలోకి జారుకోవడం కూడా ఎవరూ గమనించలేదు.

తెల్లారాక బసప్ప కారు తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది. అనుకున్నదే. గురప్ప, పక్క మందలవాళ్లు వచ్చి తోయడానికి సిద్ధమయ్యారు.

"రా నాయనా, ఎక్కు," అన్నాడు బసప్ప.

నల్లప్ప గొర్రెపిల్లలను మూసి ఉంచే గూడు దగ్గర కూర్చుని వాటికి ఆకు కొమ్మలు కడుతున్నాడు. పెద్ద గొర్రెలు మేతకు పోతే, పుట్టిన పిల్లలను ఎవరో ఒకరు అక్కడే కనిపెట్టుకుని ఉండాలి.

"నేను రానురా. నడిచేదానికి కాళ్లు ల్యావు గానీ, కూసునేదానికి ఉండాయి కదా. ఈడ కూసుంటా."

"ఇంట్లో ఏం తక్కువ నాయనా?"

"ఏమీ తక్కువ ల్యా. నువ్వు తప్పు చేసినావని గూడా నేను అనల్యా. గడ్డి ల్యాని సోట నువ్వయినా ఏం చేస్తావు? కారు నడుపుకో, బాడుగలు చూసుకో. నన్ను మాత్రం ఈడ ఉండనీ. వానలు పడినాక మందతో వస్తా."

"అంత దూరం ఎట్ల నడుస్తావు?"

"గాడిద ఉండాదిలే," అన్నాడు గురప్ప. "నేను సూసుకుంటా బసప్పా, పో."

బసప్ప నాయన దగ్గరికి పోయి కింద కూర్చున్నాడు. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో గంగాధర్‌కు వినపడలేదు. కొంతసేపయ్యాక ముసలాయన కొడుకు తల నిమిరి, చేతిలో ఒక గొర్రెపిల్లను పెట్టాడు. బసప్ప దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుని, తిరిగి గూట్లో దించి వచ్చాడు.

అందరూ తోశారు. కారు గట్టు దిగువకు జారుతూ రెండుసార్లు దగ్గి, మేల్కొంది. అనంతపురం దాకా ఇంజను ఆపకుండా వచ్చి, ఒక అంగట్లో కొత్త కటౌట్ కొని, రోడ్డు పక్కనే గంగాధర్ దాన్ని బిగించాడు. బసప్ప యాక్సిలరేటర్ తొక్కి పట్టుకున్నాడు. ఎర్ర దీపం ఒకసారి మిణుకుమని ఆరిపోయింది.

బత్తలపల్లె దగ్గర టీ తాగడానికి ఆగారు. బసప్ప గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఇంటికి పోతే మా యప్ప కనపడడు కదన్నా. ఇన్నాళ్లూ కంటి ముందే ఉన్యా నేను సూడల్యా."

"నెలకొగసారి పోయిరా. దూరం తిరిగితే బండికీ మంచిదే."

అట్లాగే చేశాడు బసప్ప. ప్రతి అమావాస్యకు ఒక రోజు బాడుగలు మానుకుని కాలువ దగ్గరికి పోయేవాడు. రెండోసారి హనుమంతమ్మ కూడా వెళ్లి మామకు ఇష్టమని కొర్రన్నం వండి పెట్టి వచ్చింది. కారు మళ్లీ కానుగ చెట్టు కిందికి రాలేదు.

ఆ ఏడు వానలు రావాల్సినప్పుడు రాలేదు. కార్తీకంలో, ఎవరూ అనుకోనప్పుడు, తుఫాను వాన పట్టింది. చేలకు ఆలస్యమైపోయినా గుట్టలకు ఆలస్యం కాలేదు. కొన్నాళ్లకే రాళ్ల సందుల్లో సన్నటి గడ్డి మొలిచింది.

ఒక ఉదయం గంగాధర్ ఏదో ట్రాక్టరు డైనమో విప్పి ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బయట సన్నటి తుంపర. ఈశ్వరి వాకిట్లోంచి పిలిచింది, "ఇట్ల రా, ఒగసారి సూడు" అని. లేచి వచ్చేసరికి రోడ్డంతా తడిసిన గొర్రెలు. గురప్ప ముందు నడుస్తున్నాడు. మంద వెనక గాడిద మీద నల్లప్ప, నెత్తిన వానకు కప్పుకున్న కంబళి కొప్పెర, ఒళ్లో అప్పుడే పుట్టినట్టున్న పిల్ల. ఆయన గంగాధర్‌ను చూసి గాడిదను ఆపకుండానే కేక వేశాడు.

"ఇంటికి రాప్పా ఒగదినం! పాలు తాగి పోదువు!"

"వస్తా పెద్దాయనా!"

మంద కదిరి రోడ్డు దిగి గుట్టకిందపల్లె వైపు మళ్లింది. తుంపరలో చివరి గొర్రె కనపడకుండా పోయేదాకా ఈశ్వరి, గంగాధర్ వాకిట్లోనే నిలబడ్డారు. ఆ తర్వాత ఆమె పొయ్యి దగ్గరికి పోయింది. అతను లోపలికి వచ్చి, చేతులు తుడుచుకుని, డైనమో ముందు కూర్చున్నాడు.